యార్డ్ సేల్‌లో పాత సైకిల్: ఏది గిట్టుబాటు, ఏది తలనొప్పి

శనివారం ఉదయం ఓ ఇంటి డ్రైవ్‌వేలో నాలుగు సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయనుకుందాం. మూడు గేర్ల నల్ల రాలీ, ఎర్ర ష్విన్ వర్సిటీ, పది గేర్ల జపాన్ సైకిల్ ఒకటి, లావు టైర్ల పాత ట్రెక్ మౌంటెన్ బైక్ ఒకటి. నాలుగింటికీ ఒకే చీటీ: 40 డాలర్లు. అమెరికాలో యార్డ్ సేల్స్, అంటే ఇంటి ముందు పాత సామాను పెట్టి అమ్మే చోట్లు, తిరిగేవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఏది తీసుకోవాలన్నదే ప్రశ్న.

ఎక్కువమంది పేరు చూసి తీసుకుంటారు, లేకపోతే మెరుపు చూసి. నేనైతే చీటీ మీద ఉన్నది అడ్వాన్సు అనుకుంటాను. అసలు ధర సైకిల్ ఇంటికొచ్చాక మొదలవుతుంది. టైర్లు, కేబుళ్లు, ఎక్కడా దొరకని ఓ చిన్న నట్టు... ఇవన్నీ కలిపితే ఒకే 40 డాలర్ల సైకిళ్లలో ఒకటి 140కి రోడ్డెక్కుతుంది, ఇంకోటి 250 పెట్టినా గోడకే ఆనుకుని ఉంటుంది. కాబట్టి ఇక్కడ పోలికంతా ఆ లెక్క మీదే.

అసలు ఇన్ని పాత సైకిళ్లు ఎక్కడివి? 1970ల మొదట్లో అమెరికాలో పెద్దవాళ్లకు సైకిళ్ల పిచ్చి పట్టింది. 1973లో ఒక్క ఏడాదిలోనే సుమారు కోటిన్నర అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో చాలామంది రెండు వేసవులు తొక్కి గరాజ్‌లో తగిలించేశారు. ఇప్పుడు ఆ ఇళ్లు ఖాళీ అవుతుంటే ఇవి బయటికొస్తున్నాయి. అందుకే వీటిలో చాలావాటికి అరుగుదల తక్కువ, వయసు ఎక్కువ. లోపల బేరింగులు కొత్తవాటిలా ఉంటాయి, రబ్బరు మాత్రం పొడిపొడిగా రాలుతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

కొలత. బేరం ఎంత బాగున్నా కొలత కుదరకపోతే ఆ సైకిల్ మీది కాదు. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైఅంచు దాకా కొలిస్తే ఫ్రేమ్ సైజు వస్తుంది. రోడ్డు సైకిళ్లలో ఐదడుగుల ఆరంగుళాల మనిషికి 20, 21 అంగుళాలు సరిపోతాయి. యార్డ్ సేల్స్‌లో తరచూ మిగిలిపోయేవి 24, 25 అంగుళాల ఫ్రేములు, పొడుగు మనుషులవి. పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లేసి నిలబడండి. పాదాలు పూర్తిగా నేలకి ఆనాక కూడా అంగుళం ఖాళీ లేకపోతే వదిలేయండి. అడ్డగొట్టం కిందికి ఉన్న లేడీస్ ఫ్రేములకు గిరాకీ తక్కువ, అందుకని అదే మోడల్ ఇంకాస్త చవగ్గా వస్తుంది. బజారుకు, ఆఫీసుకు వెళ్లిరావడానికి మగవాళ్లకైనా అవే సుఖం.

డబ్బు పెట్టినా బాగుపడనివి. ఇక్కడ తొందరపడొద్దు. హ్యాండిల్ దిగే గొట్టానికి పై గొట్టం, కింది గొట్టం వచ్చి కలుస్తాయి కదా, ఆ అతుకుల వెనక అడుగువైపు వేలితో నెమ్మదిగా తడమండి. చిన్న ముడతలా తగిలినా, పెయింటు అడ్డంగా చిట్లినట్టు కనిపించినా ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దింది. తర్వాత పక్కకు వచ్చి ముందు ఫోర్కు చూడండి. ఫోర్కు పైభాగం హ్యాండిల్ గొట్టంతో ఒకే గీతలో ఉండాలి. వెనక్కి నొక్కుకుపోయినట్టుంటే అదే కథ.

ఇంకొకటి ఫ్రేమ్‌లో ఇరుక్కుపోయిన సీట్ పోస్ట్, అంటే సీటును మోసే గొట్టం. అల్యూమినియం గొట్టం ఉక్కు ఫ్రేమ్‌లో గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే రెండూ కలిసి ఒక్కటైపోతాయి. ఓ చిన్న స్పానర్ జేబులో పెట్టుకెళ్లండి, అడిగి బోల్టు వదులు చేసి సీటును అటూ ఇటూ తిప్పండి. తిరిగిందా, సగం టెన్షన్ పోయినట్టే. హ్యాండిల్‌ని మోస్తూ ముందు గొట్టంలోకి దిగే కొమ్ముకీ (స్టెమ్) ఇదే పరీక్ష. ఇరుక్కున్నది ఊడదని కాదు, ఒక్కోసారి ఊడుతుంది. కానీ ఆ జూదం ఆడాలంటే సైకిల్ దాదాపు ఉచితంగా రావాలి.

రోడ్డెక్కే ఖర్చు. మీరే బిగించుకుంటే సుమారుగా రెండు టైర్లు, ట్యూబులకు 50 నుంచి 80 డాలర్లు, బ్రేక్ షూలకు 10 నుంచి 20, కేబుళ్లకు 20, చెయిన్‌కు మరో 20. అంటే వంద నుంచి 140 దాకా. షాపులో ఇస్తే కూలీయే సైకిల్ ధర దాటుతుంది. చాలా నగరాల్లో పనిముట్లు వాడుకోనిచ్చే సైకిల్ కో-ఆప్‌లు ఉన్నాయి. మీకు దగ్గరలో ఒకటుంటే లెక్కే మారిపోతుంది.

దొరికే పార్టులు. పాత సైకిళ్లలో ఒకే పేరున్న రెండు టైరు సైజులు ఒకదానికొకటి పట్టవు. మరలు ఒక్కో దేశానివి ఒక్కో రకం. మనిషిని ముంచేది ఎక్కువగా ఇదే.

గాలి పోయిన టైర్లు, చిరిగిన సీటు, పైపైన తుప్పు, జిడ్డు చెయిన్ చూసి భయపడాల్సిన పనిలేదు. అవి బేరమాడటానికి మీకు దొరికిన ఆయుధాలు. క్రోమ్ మీది తుప్పు అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో ముంచి రుద్దితే చాలావరకు పోతుంది.

## ఒక్కొక్కటిగా

### మూడు గేర్ల ఇంగ్లిష్ సైకిళ్లు

నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ స్పోర్ట్స్, దాని అక్కచెల్లెళ్లు. కాటర్ పిన్ను క్రాంకు, మడ్‌గార్డులు, నిటారు హ్యాండిల్ చూడగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. వెనక చక్రం మధ్యలో గేర్లుండే హబ్ మీది జిడ్డు గుడ్డతో తుడిచి చూడండి. స్టర్మీ-ఆర్చర్ అని కంపెనీ పేరు, ఏడబ్ల్యూ (AW) అని మోడల్ పేరు ఉండి, పక్కన 66, 3 అని అంకెలుంటే ఆ హబ్ 1966 మార్చిలో తయారైంది. చక్రం ఎవరూ మార్చకపోతే సైకిల్ వయసూ ఇంచుమించు అదే.

గేర్లు జారిపోతున్నాయని అమ్మేవాళ్లు చవగ్గా ఇచ్చేస్తుంటారు. చాలాసార్లు లోపం హబ్‌లో ఉండదు, కేబుల్ వదులై ఉంటుంది. హబ్‌కున్న చిన్న మూత తెరిచి నూనె చుక్కలు వేసి, కేబుల్ సరిచేస్తే మూడు గేర్లూ పలుకుతాయి. టైర్లు 590 మి.మీ. రకం, సులువుగానే దొరుకుతాయి. లోపాలూ ఉన్నాయి. బరువు 16 కిలోల దాకా ఉంటుంది. రిమ్ములు ఉక్కువి కాబట్టి వానలో బ్రేకులు దాదాపు పట్టవు. పెడల్ ఇరుసు దగ్గర మరలు రాలీ సొంత రకం, అక్కడ కప్పు పాడైతే వెతుకులాటే. చదునైన ఊళ్లో రెండు మూడు మైళ్లు తిరగడానికి మాత్రం దీనికి సాటి లేదు.

ష్విన్ కంపెనీ కూడా మూడు గేర్ల సైకిళ్లు చేసింది, చూడ్డానికి ఇలాగే ఉంటాయి. వాటి టైరు మీద కూడా 26 x 1 3/8 అనే ఉంటుంది. కానీ ఆ రిమ్ము 597 మి.మీ. ఏడు మిల్లీమీటర్ల తేడాకి రాలీ టైరు దానికి ఎక్కదు. కొత్త టైరు కొనేముందు టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే 37-590, 37-597 లాంటి అంకె చూసుకోండి. పేరు అబద్ధం చెబుతుంది, ఈ అంకె చెప్పదు.

### ష్విన్ పది గేర్లు

వర్సిటీ, కాంటినెంటల్. షికాగోలో లక్షల సంఖ్యలో చేశారు, అందుకే ప్రతి మూడో గరాజ్‌లో ఒకటుంటుంది. పెయింటు, క్రోమ్ ఎంత గట్టివంటే యాభై ఏళ్ల తర్వాత కూడా తుడిస్తే మెరుస్తాయి. ఆ మెరుపుకే జనం పడిపోతారు. ఒక చేత్తో ఎత్తి చూడండి: దాదాపు 18 కిలోలు. హ్యాండిల్ కొమ్ము లావు కూడా మామూలుది కాదు, వేరేది పెడదామంటే కుదరదు. విరగదు, వంగదు, పరుగెత్తదు.

1970ల చివరి షికాగో సైకిళ్లకు ముందు బిళ్ల మీద నాలుగంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో, చివరిది ఏడాది చివరి అంకె. 2537 అంటే 1977లో 253వ రోజు, సెప్టెంబరు. చూసి ముచ్చటపడటానికి బాగుంటుంది, ధర పెరగదు. అయితే అదే కంపెనీ పేరుతో లే టూర్, వరల్డ్ వోయేజర్ లాంటివి కొన్ని జపాన్‌లో తయారయ్యాయి. అవి కనిపిస్తే కింది లెక్కలోకి తీసుకోండి. చేత్తో కట్టిన ష్విన్ పారమౌంట్ దొరికితే బేరం కూడా ఆడొద్దు, డబ్బిచ్చి వచ్చేయండి.

### జపాన్ రోడ్డు సైకిళ్లు

ఫూజీ, మియాటా, నిషికీ, యూనివేగా, సెంచూరియన్, పానసోనిక్, బ్రిడ్జ్‌స్టోన్. పానసోనిక్ సైకిలా అని నవ్వి పక్కకెళ్లేవాళ్లుంటారు, వాళ్లని వెళ్లనివ్వండి. 1970ల చివరి నుంచి 1980ల మధ్య దాకా వచ్చిన ఈ సైకిళ్లలో పనితనం గట్టిది. మధ్యరకానివి కూడా 11 నుంచి 13 కిలోలే. మరలు ప్రామాణికమైనవి కాబట్టి ఇప్పటికీ పార్టులు దొరుకుతాయి.

వీటిలో మంచిదేదో, నాసిరకమేదో తేల్చడానికి ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి చాలు. రిమ్ముకి అంటుకుంటే ఉక్కు, కింది రకం. అంటుకోకపోతే అల్యూమినియం. తర్వాత వెనక చక్రం ఇరుసు కూర్చునే చోటు చూడండి. రేకు కోసి నొక్కినట్టు పలచగా ఉంటే చవక ఫ్రేమ్, దిట్టంగా పోతపోసినట్టుంటే మంచిది. సీట్ పోస్ట్ మీద 27.2 అని ఉంటే గొట్టాలు పలచని మేలురకం ఉక్కువని దాదాపు ఖాయం. క్రోమోలీ అనే మేలురకం ఉక్కు పేరు, టాంగే, ఇషివాటా అనే గొట్టాల కంపెనీల పేర్లు ఉన్న స్టిక్కర్లు కూడా అదే మాట చెబుతాయి. జపాన్ పార్టుల కంపెనీ షిమానో చేసిన వాటి వెనక రెండక్షరాలుంటాయి: మొదటిది ఏడాది, ఏ అంటే 1976. రెండోది నెల. జేజీ అంటే 1985 జులై.

ఇబ్బంది ఒక్కటే. చాలావాటి చక్రాలు 27 అంగుళాలవి, అంటే 630 మి.మీ. టైర్లు దొరుకుతాయి గానీ ఎంచుకోవడానికి నాలుగు రకాలుండవు. ఇప్పటి 622 మి.మీ. చక్రాలు పెట్టుకోవచ్చు. రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు కిందికి వస్తుంది, బ్రేక్ షూ అంత కిందికి దిగుతుందో లేదో ముందే చూసుకోవాలి. పెద్ద పళ్లచక్రం గుండ్రంగా లేకుండా కోడిగుడ్డులా ఉంటే వంగిందనుకోకండి. అది బయోపేస్, 1980ల్లో షిమానో కావాలనే అలా చేసింది.

### ఫ్రెంచ్ సైకిళ్లు

తెల్లటి ప్యూజో సైకిల్ నలుపు తెలుపు గళ్ల స్టిక్కరుతో నిలబడి ఉంటే కళ్లు తిప్పుకోలేం. కానీ అందులో పెడల్ మరలు, పెడల్ ఇరుసు కప్పుల మరలు, హ్యాండిల్ కొమ్ము లావు అన్నీ ఫ్రెంచ్ కొలతలే. మామూలు కొమ్ము 22.2 మి.మీ., దీనిది 22.0. ఆ పాయింట్ రెండే ప్రాణం తీస్తుంది. చవక మోడళ్లలో చెయిన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే సింప్లెక్స్ ప్లాస్టిక్ డిరైలర్లు బీటలువారి ఉంటాయి. ఏవీఏ అని రాసున్న పాత హ్యాండిల్ కొమ్ము విరుగుతుందని పేరుమోసింది, దాంతో రోడ్డెక్కకండి. అన్నీ తిరుగుతూ, బీటలు లేకుండా, మీ కొలతకు సరిపోయేదైతే హాయిగా తీసుకోండి. ఏ ఒక్కటి పోయినా పార్టుల వేట మీ హాబీ అయిపోతుంది.

### స్ప్రింగులు లేని మౌంటెన్ బైకులు

నన్నడిగితే ఇప్పుడు అసలైన బేరం ఇక్కడే ఉంది. పెద్దఎత్తున తయారైన మొదటి మౌంటెన్ బైక్ స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్ 1981లో వచ్చింది. అక్కడి నుంచి 1990ల మధ్య దాకా ట్రెక్ 800 వరస, రాక్‌హాపర్, బ్రిడ్జ్‌స్టోన్ ఎంబీ వరస లాంటివి మంచి క్రోమోలీ ఉక్కుతో లెక్కలేనన్ని వచ్చాయి. అమ్మేవాళ్ల దృష్టిలో అవి పిల్లలు కాలేజీకి వెళ్లాక మిగిలిపోయిన సామాను. పాతకాలపు వస్తువన్న మోజు ఇంకా అంతగా అంటుకోలేదు కాబట్టి చీటీ మీద అంకె కూడా చిన్నదే.

చక్రాలు 559 మి.మీ., టైర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి. మడ్‌గార్డు, క్యారియర్ బిగించుకోవడానికి కంతలుంటాయి. ముందు మూడు పళ్లచక్రాలుంటాయి కాబట్టి ఎత్తు ఎక్కడానికి బాధ లేదు. గేరు మీట నొక్కితే టిక్కుమనకుండా ఊరికే ఆడుతుంటే పోయిందని అమ్మేవాళ్లు అంటారు. చాలావాటిలో లోపలి గ్రీజు గట్టిపడి ఉంటుంది, అంతే. గ్రీజు కరిగించే స్ప్రే గట్టిగా కొట్టి, పదే పదే నొక్కి, తర్వాత సన్నటి నూనె వేస్తే తిరిగి పలకడం మామూలే. వెనక డిరైలర్ మీద జింక తల బొమ్మ ఉంటే అది షిమానో డియోర్ ఎక్స్‌టీ తొలి రోజులది. సైకిల్ ఎలా ఉన్నా తీసుకోవచ్చు.

ముందు ఫోర్కుకు స్ప్రింగులున్న 1990ల మోడళ్లను మాత్రం వదిలేయండి. లోపలి రబ్బరు ముద్దలు ఈపాటికి పిండి అయిపోయి ఉంటాయి. కొన్ని 1980ల బైకులకు వెనక బ్రేకు పెడల్ దగ్గర అడుగున ఉంటుంది, బురద పట్టి సరిచేయడానికి విసిగిస్తుంది. కొనొద్దని కాదు, తెలిసి కొనండి.

### డిపార్ట్‌మెంట్ స్టోర్ సైకిళ్లు

హఫీ, మర్రీ, రోడ్‌మాస్టర్. పది డాలర్లకొచ్చినా బరువైన ఫ్రేమ్, రేకు పార్టులు. ఎవరైనా ఉచితంగా ఇస్తే సీటో, స్టాండో విప్పుకోవడానికి పనికొస్తాయి. సియర్స్ పేరుతో ఉన్నవాటిలో కొన్ని ఆస్ట్రియాలో తయారయ్యాయి, అవి నయం. ష్విన్ పేరు చూసి కూడా మోసపోవద్దు. 1992లో కంపెనీ దివాలా తీసింది, 2001 తర్వాత ఆ పేరు పెద్ద స్టోర్లలో అమ్మే చవక సైకిళ్ల మీదకి చేరింది.

## ఒక్క చూపులో

| రకం | బరువు | టైర్లు | పెద్ద భయం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఇంగ్లిష్ మూడు గేర్లు | 16 కిలోలు | దొరుకుతాయి | వానలో బ్రేకులు | చదును దారిలో దగ్గరి పనులకు |
| ష్విన్ వర్సిటీ | 18 కిలోలు | దొరుకుతాయి | బరువు | ముచ్చటకి |
| జపాన్ రోడ్డు | 11–13 కిలోలు | 27 అంగుళాలైతే తక్కువ రకాలు | చవక మోడల్ తగలడం | దూరాలు తొక్కేవాళ్లకు |
| ఫ్రెంచ్ | మోడల్‌ని బట్టి | దొరుకుతాయి | మరలు, పార్టులు | ఓపిక, పనిముట్లు ఉన్నవాళ్లకు |
| పాత మౌంటెన్ | 13–14 కిలోలు | ఎక్కడైనా | స్ప్రింగు ఫోర్కు | దాదాపు అందరికీ |

## మీరే రకం?

రోజూ ఆఫీసుకో, యూనివర్సిటీకో తొక్కాలి, రిపేర్లు మీకు రావు అంటే పాత మౌంటెన్ బైకే. టైర్లు నున్నటివి మార్చుకోండి చాలు. వారాంతాల్లో ముప్పై నలభై మైళ్లు తొక్కాలనుంటే జపాన్ సైకిల్ కోసం ఆగండి, వచ్చే వారం కాకపోతే ఆ పైవారం తగులుతుంది. విప్పి, శుభ్రం చేసి, బిగించడమే సరదా అయితే మొదటిసారి ఫ్రెంచ్ జోలికి పోకుండా రాలీ మూడు గేర్లతో మొదలుపెట్టండి. అందులో ప్రతి మరా మీ చేతికి అందుతుంది, ఇంటర్నెట్‌లో షెల్డన్ బ్రౌన్ రాసిపెట్టి వెళ్లిన సైకిల్ పాఠాలు దీనికి పెద్ద అండ.

తిరిగి అమ్మి లాభం చేసుకోవాలనుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 1968 నుంచి 1973 మధ్య వచ్చిన ష్విన్ క్రేట్ పిల్లల సైకిళ్లు బంగారం. ఎత్తు హ్యాండిల్, అరటిపండు సీటు ఉంటాయి వాటికి. కానీ తర్వాత రోజుల్లో అదే రూపంలో కొత్తవీ వచ్చాయి, సీరియల్ నంబర్ చూడకుండా పెద్ద మొత్తం పెట్టకండి. మామూలు సైకిళ్ల మీద టైర్లు, మీ శ్రమ పోగా మిగిలేది తక్కువ.

పాత హెల్మెట్ కూడా ఇస్తామంటారు. వద్దనండి, లోపలి ఫోమ్ ఏం చూసిందో పైకి కనపడదు.

## ఎక్కడ, ఎప్పుడు

యార్డ్ సేల్‌లో ధర తక్కువ, ఎంపిక అదృష్టం. చనిపోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లో సైకిల్ బేస్‌మెంట్‌లో పొడిగా ఉండి ఉంటుంది, చాలాచోట్ల చివరి రోజు ధర సగానికి దిగుతుంది, అప్పటిదాకా మిగిలితే. వాడిన సామాను అమ్మే థ్రిఫ్ట్ షాపుల్లో పేరున్న సైకిల్ ధర ఈమధ్య బాగానే వేస్తున్నారు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఎంపిక ఎక్కువ, కానీ అమ్మేవాడికి ధర ముందే తెలుసు. నిజమైన బేరం దొరికేది అమ్మేవాళ్లకు సైకిల్ గురించి పట్టింపు లేనిచోటే.

మంచిది కావాలంటే తెల్లారే వెళ్లండి, చవగ్గా కావాలంటే మధ్యాహ్నం సర్దుకునే వేళ వెళ్లండి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. "ఎవరు తొక్కేవారండీ, ఎక్కడ పెట్టేవారు?" అని అడిగితే రెండు నిమిషాల్లో సైకిల్ చరిత్రంతా చెబుతారు. వానలో బయట పడి ఉందా, గరాజ్‌లో వేలాడిందా అన్నది అక్కడే తేలిపోతుంది. బేరమాడేటప్పుడు సైకిల్‌ని తిట్టకండి, అది వాళ్ల నాన్నగారిది అయి ఉండొచ్చు. టైర్లు, కేబుళ్లకు అయ్యే ఖర్చు చెప్పి, చేతిలో ఉన్న నోట్లు చూపించి, ఇంతకిస్తారా అని అడగండి.

డబ్బు ఇచ్చేముందు సీరియల్ నంబర్ చూడండి. ఎక్కువ సైకిళ్లకు పెడల్ ఇరుసు కింద అడుగున ఉంటుంది, కొన్నిటికి ముందు గొట్టం మీదో, వెనక చక్రం ఇరుసు దగ్గరో ఉంటుంది. బైక్ ఇండెక్స్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికితే దొంగ సొత్తుగా నమోదైందో లేదో తెలుస్తుంది. నంబర్ గీకేసి ఉంటే వదిలేయండి. ధర కుదరకపోతే మీ ఫోన్ నంబర్ ఓ కాగితం మీద రాసిచ్చి రండి. సాయంత్రం నాలుగింటికి ఆ సైకిల్‌ని మళ్లీ గరాజ్‌లోకి ఈడ్చడం ఇష్టం లేక వాళ్లే ఫోన్ చేయొచ్చు.